నాన్న పేరు మీదున్న ఇల్లు అమ్మాలంటే ఎవరెవరు సంతకం పెట్టాలి?

ప్రశ్న: నమస్తే అండి. మాది మల్కాజ్‌గిరి. మా నాన్నగారు 1994లో సొంత జీతం డబ్బుతో 200 గజాల్లో ఉన్న పాత ఇల్లు కొన్నారు. 2006లో బ్యాంక్ లోన్ తీసుకుని పైన ఫ్లోర్ వేశారు, ఆ లోన్ 2014లోనే కట్టేశాం. 2019లో నాన్న పోయారు, వీలునామా ఏమీ లేదు. ఇప్పుడు అమ్మ, నేను, డల్లాస్‌లో అన్నయ్య, ఇక్కడే తమ్ముడు. నానమ్మ కూడా మాతోనే ఉండేది, 2021 కరోనాలో పోయింది, ఆ దినాలకి కరీంనగర్ నుంచి మేనత్త, వరంగల్ నుంచి చిన్నాన్న వచ్చి వెళ్ళారు, ఆ తర్వాత పెద్దగా రాకపోకలు లేవు. ఇల్లు 1 కోటి 60 లక్షలకి బేరం కుదిరింది. కొనేవాళ్ళు తమ్ముడి అకౌంట్లో లక్ష టోకెన్ వేశారు, పది రోజుల్లో అగ్రిమెంట్ అంటున్నారు, సగం క్యాష్ ఇస్తామంటున్నారు, రంగులేసుకోవడానికి తాళాలు ముందే అడుగుతున్నారు. బ్రోకర్ ఏమో కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ తేవాలంటాడు, పక్కింటాయన ఏమో కరెంటు బిల్లు, ఇంటి పన్ను అమ్మ పేరు మీదే ఉన్నాయి కాబట్టి అమ్మ సంతకం చాలంటాడు, తమ్ముడేమో నా పెళ్ళికి కట్నం ఇచ్చారు కాబట్టి నా సంతకం ఉత్త ఫార్మాలిటీ అంటాడు. అసలు మేం ఏం చేయాలి?

సమాధానం: చెల్లెమ్మా, బ్రోకర్, పక్కింటాయన, తమ్ముడు ముగ్గురూ తప్పే చెప్పారు, వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం. మీ ఉత్తరంలో నేను ఆగిపోయింది ఇంకోచోట, "నానమ్మ కూడా మాతోనే ఉండేది, 2021లో పోయింది" అని మాటవరసకి రాసేశారే, అక్కడ. ఆ ఒక్క ముక్క మీద మీ అమ్మకం మొత్తం ఆగుతుంది.

ఎట్లాగంటే, మీ నాన్నగారిది సొంత సంపాదన, వీలునామా లేదు, కాబట్టి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన పోయిన నిమిషానికే ఆ ఇల్లు ఆయన మొదటి తరగతి వారసులకి సమానంగా చేరిపోయింది, ఎవరూ ఏ కాగితమూ రాయకపోయినా సరే. ఆ మొదటి తరగతిలో భార్య, కొడుకులు, కూతుళ్ళతో పాటు తల్లి కూడా ఉంటుంది, తండ్రి ఉండడు గాని తల్లి ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. 2019లో మీ నానమ్మ బతికే ఉంది కదా. అంటే ఇల్లు నాలుగు వాటాలు కాలేదు, ఐదు అయింది, అమ్మకి ఒకటి, మీ ముగ్గురికి మూడు, నానమ్మకి ఒకటి.

2021లో నానమ్మ పోయినప్పుడు ఆవిడ ఐదో వంతు మళ్ళీ మీకే వచ్చేయలేదు. అది ఆవిడ పిల్లలకి పోతుంది, చిన్నాన్నకి ఒక భాగం, మేనత్తకి ఒక భాగం, ఆవిడకంటే ముందే పోయిన కొడుకు అంటే మీ నాన్నగారి భాగం ఆయన పిల్లలైన మీ ముగ్గురికి కలిపి. మీ తాతగారి మాట మీరు రాయలేదు, ఆయన అప్పటికే లేరనుకుని చెప్తున్నా. ఇక్కడ ఇంకో మెలిక, ఆ భాగంలో కోడలికి అంటే మీ అమ్మకి ఏమీ రాదు, మనవళ్ళకి మనవరాళ్ళకే. లెక్క వేస్తే ఇంటిని 45 భాగాలు అనుకోండి, అమ్మకి 9, మీకు 10, అన్నయ్యకి 10, తమ్ముడికి 10, చిన్నాన్నకి 3, మేనత్తకి 3. డబ్బులో చెప్పాలంటే మీ బేరంలో మేనత్త వాటా దాదాపు 10 లక్షల 66 వేలు, చిన్నాన్నదీ అంతే. ఇద్దరిలో ఎవరిదీ చిన్న మొత్తం కాదు.

మీకు గుండె దడ మొదలైందని నాకు తెలుసు. ఇట్లాంటి ఫైల్ నా దగ్గరికి వచ్చినప్పుడల్లా వాళ్ళు చెప్పే మొదటి మాట ఒకటే, "అత్తయ్యకి ఈ సంగతి తెలియదు కదండీ, మనమెందుకు లేపడం" అని. లేపాలి. ఎందుకంటే కొనేవాళ్ళు బ్యాంక్ లోన్ పెడితే బ్యాంక్ లాయర్ మొదట అడిగేదే నాన్నగారి డెత్ సర్టిఫికెట్, ఆ తర్వాత ఆ రోజుకి ఆయన తల్లి ఉన్నారా లేరా అని, ఉంటే ఆవిడ డెత్ సర్టిఫికెట్, ఆవిడ వారసులెవరు అని. ఒకవేళ ఆ లాయర్ చూడకుండా వదిలేసినా, ఐదారేళ్ళ తర్వాత మేనత్త పిల్లల్లో ఎవరో ఒకరు అడిగితే కొన్నాయన వచ్చి పట్టుకునేది మిమ్మల్నే, ఎందుకంటే సేల్ డీడ్‌లో "ఈ ఆస్తిలో వేరెవరికీ హక్కు లేదు, వస్తే మేం నష్టపరిహారం ఇస్తాం" అని మీరే రాసి సంతకం పెట్టి ఉంటారు. తెలిసి దాచారని తేలితే సివిల్ గొడవ కాస్తా పోలీస్ స్టేషన్ దాకా పోయే ప్రమాదం కూడా ఉంది. అన్నిటికంటే ముందు అది ఆవిడ సొమ్ము.

కాబట్టి అగ్రిమెంట్ కంటే ముందు చేయాల్సిన పని కరీంనగర్ వెళ్ళడం. ఫోన్లో చెప్పకండి, అమ్మని తీసుకుని మీరు ముగ్గురిలో ఇద్దరైనా వెళ్ళండి, ఆ పక్క వారం వరంగల్ కూడా. వాళ్ళు వాటా తీసుకుంటామంటే సేల్ డీడ్‌లో వాళ్ళు కూడా అమ్మేవాళ్ళుగా సంతకం పెడతారు, వాళ్ళ డబ్బు వాళ్ళ అకౌంట్లో పడుతుంది, అంతకంటే శుభ్రమైన దారి లేదు. "మాకేం వద్దమ్మా, అన్నయ్య ఇల్లు మీదే" అంటే సంతోషం, అప్పుడు రిలీజ్ డీడ్ అంటే హక్కు విడుదల పత్రం రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ చేయించండి. వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద నోటరీ చేయించిన కాగితం, వాట్సాప్‌లో "నాకు అభ్యంతరం లేదు" అన్న మెసేజ్, ఇవేవీ ఇంటి హక్కుని వదులుకున్నట్టు కావు. ఇల్లు, స్థలం మీద హక్కు బతికున్న ఒకరి నుంచి ఇంకొకరికి పోవాలంటే రిజిస్ట్రేషన్ ఒక్కటే దారి. మీరు హిందువులని అనుకుని ఈ లెక్క చెప్పాను, ముస్లిం, క్రిస్టియన్ కుటుంబాల్లో వాటాలు పూర్తిగా వేరుగా ఉంటాయి, ఇది చదివే ఇంకెవరైనా ఈ 45 భాగాల లెక్క ఎత్తుకెళ్ళి వాడేయకండి.

సరే, ఇప్పుడు ఆ ముగ్గురి సలహాలు. సక్సెషన్ సర్టిఫికెట్ అనేది పోయినవాళ్ళ బ్యాంక్ డిపాజిట్లు, షేర్లు, వాళ్ళకి రావాల్సిన బాకీలు, ఇట్లాంటి వాటి కోసం కోర్టు ఇచ్చేది, ఇంటికీ స్థలానికీ దాంతో పని లేదు. మీకు కావాల్సింది మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాన్నగారిది ఒకటి, నానమ్మది ఇంకొకటి. అది కూడా హక్కు పత్రం కాదు, కుటుంబంలో ఎవరెవరున్నారో చెప్పే కాగితం మాత్రమే. నాన్నగారి సర్టిఫికెట్లో నానమ్మ పేరు రాయించకుండా వదిలేస్తే ఆవిడ వాటా పోయినట్టు కాదు, మీరు దాచినట్టు మాత్రం అవుతుంది. పక్కింటాయన చెప్పిన కరెంటు బిల్లు, ఇంటి పన్ను సంగతి, అవి ఎవరి దగ్గర పన్ను వసూలు చేయాలి అన్న లెక్క కోసం పెట్టుకున్న పేర్లు, ఓనర్ ఎవరో అవి తేల్చవు, మ్యుటేషన్ అంటే రికార్డులో పేరు మార్చుకోవడం వల్ల హక్కు రాదు అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది.

తమ్ముడి మాటకి మాత్రం కొంచెం గట్టిగానే చెప్తా. ఆడపిల్లకి హక్కు 2005లో వచ్చిందని అందరూ అంటుంటారు గాని, 2005 సవరణ ఉమ్మడి కుటుంబ ఆస్తి గురించి. తండ్రి సొంతంగా సంపాదించి వీలునామా రాయకుండా పోయిన ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా 1956 చట్టం నాటి నుంచే ఉంది. కట్నం ఇచ్చాం, పెళ్ళి ఘనంగా చేశాం అన్నవేవీ ఆ వాటాని తగ్గించవు. మీరు ప్రేమతో వదులుకుంటే అది మీ ఇష్టం, కానీ అది ఫార్మాలిటీ అనుకుని సంతకం పెట్టకండి. అమ్మకం డబ్బు ఎవరి అకౌంట్లోకి ఎంత రావాలో సేల్ డీడ్‌లోనే పేరు పేరునా రాయించండి.

ఇక టోకెన్. లక్ష తమ్ముడి అకౌంట్లో పడింది, కాగితం ఏమీ లేదు. ఈ రోజే కొనేవాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి, ఈ లక్ష టోకెన్ మాత్రమే, కుటుంబంలో హక్కుదారులందరి సంతకాలు కుదిరాకే అగ్రిమెంట్ రాస్తాం, కుదరకపోతే లక్ష వెనక్కి ఇచ్చేస్తాం అని, వాళ్ళ దగ్గర్నుంచి "ఓకే" అని జవాబు కూడా తీసుకోండి. మన దగ్గర ఒక పాత నమ్మకం ఉంది, మాట తప్పితే బయానాకి డబల్ ఇచ్చేస్తే సరిపోతుందని. సరిపోదు. అగ్రిమెంట్ రాసి సంతకం పెట్టాక మీరు వెనక్కి తగ్గితే, కొనేవాళ్ళు డబ్బు సిద్ధంగా పెట్టుకుని కోర్టుకెళ్ళి "నాకు డబల్ వద్దు, ఇల్లే కావాలి" అని అడగొచ్చు. 2018లో స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం మారాక అట్లాంటి కేసుల్లో కొనేవాళ్ళ చెయ్యి ఇంకా బలపడింది. అందుకే మేనత్త సంతకం చేతిలో లేకుండా అగ్రిమెంట్ మీద మీరు సంతకం పెడితే రెండు వైపులా ఇరుక్కుంటారు, అమ్మలేరు, అమ్మకుండా ఉండలేరు.

తాళాలు ఇవ్వొద్దు. రంగులకే కదా అనిపిస్తుంది. కానీ ఇంటిని స్వాధీనం చేస్తూ రాసిన అగ్రిమెంట్‌ని మన తెలంగాణలో స్టాంప్ డ్యూటీకి అమ్మకం కిందే లెక్కేస్తారు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు కూడా చాలా సందర్భాల్లో ఆ రోజే అమ్మేసినట్టు చూస్తారు. పైగా రంగులేసి, కబోర్డులు పెట్టించి, పాలు పొంగించేశాక మిగతా డబ్బుకి తొందరేముంటుంది వాళ్ళకి? నాకు తెలిసినవాళ్ళు ఇట్లాగే "మంచిరోజు దాటిపోతుంది" అంటే తాళాలు ఇచ్చి పదకొండు నెలలు బ్యాలెన్స్ కోసం వాళ్ళ సొంత ఇంటి గేటు ముందే నిలబడ్డారు, బెల్ కొట్టి మరీ.

సగం క్యాష్ గురించి. ఇల్లు అమ్మకంలో 20 వేలు లేదా అంతకంటే ఎక్కువ నగదుగా తీసుకుంటే, తీసుకున్నవాళ్ళకే అంత మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఇచ్చినవాడికి కాదు, మీకు. 80 లక్షలు క్యాష్ తీసుకుంటే 80 లక్షల పెనాల్టీ భయం నెత్తిన పెట్టుకుని తిరగాలి. ఇంకో సంగతి, మీ అన్నయ్య ఆ క్యాష్‌ని అమెరికాకి ఎట్లా తీసుకెళ్తాడు? మీ అమ్మ ఆ క్యాష్‌తో ఫ్లాట్ ఎట్లా కొంటుంది, మళ్ళీ ఇంకొకడికి క్యాష్ ఇచ్చేగా. కొనేవాళ్ళకి అందులో లాభం ఏంటంటే తెలంగాణలో స్టాంప్ డ్యూటీ 5.5, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 0.5 కలిపి 7.5 శాతం వాళ్ళు కట్టాలి, పూర్తి విలువ చూపిస్తే 12 లక్షలు, సగం చూపిస్తే 6 లక్షలు. వాళ్ళ ఆరు లక్షల కోసం మీరు పెనాల్టీ నోటీసుకి ఎదురు చూడటం ఏం బేరం.

ట్యాక్స్ అంటే మీవాళ్ళు భయపడుతున్నంత ఉండకపోవచ్చు, ఒకసారి వేసి చూద్దాం. వారసత్వంగా వచ్చిన ఇంటికి మీ కొన్న ధర సున్నా కాదు, నాన్నగారు పెట్టిన ధరే మీ ధర, 2001కి ముందు కొన్నది కాబట్టి 2001 ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, అయితే అది ఆనాటి రిజిస్ట్రేషన్ ఆఫీసు విలువని దాటకూడదు. ఉదాహరణకి ఆ విలువ 6 లక్షలు అనుకుందాం, 2006లో పై ఫ్లోర్‌కి 8 లక్షలు అయిందనుకుందాం. కొత్త పద్ధతిలో 160 లోంచి 14 తీసేస్తే 146 లక్షల మీద 12.5 శాతం, 18 లక్షల 25 వేలు. పాత పద్ధతిలో ఇండెక్సేషన్ వేస్తే, అంటే ధరల పెరుగుదలకి తగ్గట్టు పాత ఖర్చుని పెంచి లెక్కేస్తే, 2025-26 లెక్కన ఇండెక్స్ 376 కాబట్టి ఆ 6 లక్షలు 22.56 అవుతుంది, 2006-07 ఇండెక్స్ 122 కాబట్టి ఆ 8 లక్షలు 24.66 అవుతుంది, మిగిలిన 112.78 లక్షల మీద 20 శాతం అంటే 22 లక్షల 56 వేలు. ఈ లెక్కలో కొత్తదే చవక. 2024 జూలై 23కి ముందు వచ్చిన ఆస్తికి ఇక్కడ ఉండేవాళ్ళు ఏది తక్కువైతే అది ఎంచుకోవచ్చు, అన్నయ్య లాంటి ఎన్ఆర్ఐకి ఆ వెసులుబాటు లేదు, 12.5 ఒక్కటే. ఇదంతా అందరిదీ కలిపి, ఎవరి వాటా ట్యాక్స్ వాళ్ళు ఎవరికి వాళ్ళు కట్టుకుంటారు, పైన 4 శాతం సెస్సు ఉంటుంది. ఆ 8 లక్షలకి రుజువు ఏంటి అంటారు కదా, 2006 నాటి బ్యాంక్ లోన్ కాగితాలే రుజువు, పాత పెట్టెలో ఉంటే పారేయకండి.

అసలు కట్టకుండా ఉండే దారి కూడా ఉంది. అమ్మ తన వాటాలో వచ్చిన లాభంతో రెండేళ్ళలోపు ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్ళలోపు కట్టించుకున్నా ఆ మేరకు ట్యాక్స్ పోతుంది. ఇల్లు వద్దనుకుంటే ఆరు నెలల్లోపు ఆర్ఈసీ, పీఎఫ్‌సీ లాంటి ప్రభుత్వ రంగ కంపెనీల క్యాపిటల్ గెయిన్స్ బాండ్లలో ఒక్కొక్కరు 50 లక్షల దాకా పెట్టుకోవచ్చు, ఐదేళ్ళు తీయకూడదు, మీ ఎవరి వాటా కూడా 50 దాటదు కాబట్టి అందరికీ సరిపోతుంది. అమ్మ వయసుకి నన్నడిగితే బాండ్లే నయం, ఈ వయసులో ఆవిడ పేరు మీద ఇంకో ఫ్లాట్ కొని దాని చుట్టూ మళ్ళీ ఇదే పంచాయితీ పెట్టుకోవడం ఎందుకు, కానీ అది మీ ఇంటి విషయం.

టీడీఎస్, అంటే డబ్బు ఇచ్చేటప్పుడే కొనేవాళ్ళు పట్టుకుని ప్రభుత్వానికి కట్టే ట్యాక్స్, దాని దగ్గర వాళ్ళు తప్పు చేసే అవకాశం ఎక్కువ. మొత్తం ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళు 1 శాతం పట్టుకుని కట్టాలి, 2024 అక్టోబర్ నుంచి అది ఒక్కొక్కరి వాటా చూడరు, అందరి వాటాలు కలిపి చూస్తారు, కాబట్టి మేనత్త పదిన్నర లక్షల మీద కూడా 1 శాతం పోతుంది, తర్వాత రిటర్న్ వేసి చూసుకోవచ్చు. అన్నయ్య వాటాకి ఈ 1 శాతం వర్తించదు, అక్కడ సెస్సుతో కలిపి 13 శాతం, అంటే ఆయన 35 లక్షల 55 వేల మీద దాదాపు 4 లక్షల 62 వేలు పట్టాలి. ఆయన బాండ్లు గాని ఇంకో ఇల్లు గాని కొనే ఉద్దేశం ఉంటే ముందే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళకి అప్లై చేసి తక్కువ పట్టమని సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, దానికి టైం పడుతుంది, రిజిస్ట్రేషన్ వారం ముందు అడిగితే రాదు. డబ్బు ఆయన ఎన్ఆర్ఓ అకౌంట్లోనే, అంటే ఎన్ఆర్ఐలు ఇక్కడి రాబడి కోసం ఇక్కడి బ్యాంకులో పెట్టుకునే అకౌంట్లోనే పడాలి, అక్కడ్నుంచి ఏడాదికి 10 లక్షల డాలర్ల దాకా సీఏ సర్టిఫికెట్‌తో బయటికి పంపుకోవచ్చు. దయచేసి "అన్నయ్యది కూడా నా అకౌంట్లో వేయండి, నేను పంపిస్తా" అని తమ్ముడిని అననివ్వకండి.

అన్నయ్య రాలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ పంపాలి. ఈ ఇంటి అమ్మకానికి మాత్రమే పరిమితం చేసి, ఇంటి నంబరు, హద్దులు, ఎవరికి అధికారం ఇస్తున్నాడో అన్నీ రాసి, డల్లాస్ వాళ్ళకి హ్యూస్టన్ కాన్సులేట్ కాబట్టి అక్కడ గాని, లేదంటే అక్కడి నోటరీ ముందు సంతకం పెట్టి టెక్సాస్ ప్రభుత్వంతో అపోస్టిల్ అంటే ఆ నోటరీ సంతకం అసలైనదేనన్న ముద్ర వేయించి గాని పంపొచ్చు. ఆ కాగితం ఇండియాలో దిగిన మూడు నెలల్లోపు ఇక్కడ జిల్లా రిజిస్ట్రార్ దగ్గర స్టాంప్ డ్యూటీ కట్టి వేలిడేట్ చేయించాలి, కొరియర్ కవర్ మీద తేదీ ఉంటుంది కాబట్టి కవర్ కూడా దాచండి, ఈ ఒక్క పని మర్చిపోయి రిజిస్ట్రేషన్ రోజు వెనక్కి వచ్చినవాళ్ళు ఉన్నారు. అధికారం మీకో అమ్మకో ఇప్పించండి, బ్రోకర్‌కి వద్దు.

ఇప్పుడు ఈసీ, అంటే ఇంటి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ చూద్దాం. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్లో 1983 నుంచి ఈసీ తీసుకోవచ్చు, మీ ఇంటిది తీసి ఒక్కో లైను చదవండి. మొదట 1994 నాటి సేల్ డీడ్ కనపడాలి, అమ్మినవాళ్ళ పేరు, కొన్న నాన్నగారి పేరు, డాక్యుమెంట్ నంబరు, హద్దులు. ఆ తర్వాత 2006లో మార్ట్‌గేజ్ అని బ్యాంకు పేరుతో ఒక లైను ఉండొచ్చు. దాని కిందే 2014లో రిలీజ్ అని ఇంకో లైను ఉందా? ఉండకపోతే ఆశ్చర్యం లేదు, చాలామంది లోన్ కట్టేశాక ఒరిజినల్స్ తెచ్చుకుని బీరువాలో పెట్టేస్తారు, బ్యాంకు వాళ్ళతో రిలీజ్ రిజిస్టర్ చేయించరు, ఈసీలో మాత్రం ఇల్లు ఇంకా తాకట్టులోనే ఉన్నట్టు కనపడుతుంది. బ్యాంకు నుంచి నో డ్యూ సర్టిఫికెట్ తీసుకుని, బ్యాంకు అధికారి వచ్చి రిలీజ్ డీడ్ రిజిస్టర్ చేయాలి. పాత బ్యాంకులు చాలా కలిసిపోయాయి, ఎస్‌బీహెచ్ 2017లో ఎస్‌బీఐలో, ఆంధ్రా బ్యాంక్ 2020లో యూనియన్ బ్యాంకులో, కాబట్టి పాత ఫైల్ ఇప్పుడు ఏ బ్రాంచిలో ఉందో వెతికించడానికే రెండు వారాలు పెట్టుకోండి. ఇప్పుడు లోన్ మూసేవాళ్ళకైతే రిజర్వ్ బ్యాంక్ రూల్ ఉంది, 30 రోజుల్లో ఒరిజినల్స్ ఇవ్వకపోతే ఆలస్యం బ్యాంకుదైతే రోజుకి 5 వేలు ఇవ్వాలి, కానీ అది 2023 డిసెంబర్ నుంచి, మీ 2014 లోన్‌కి పనికిరాదు.

మిగతావి చిన్నవే. పై ఫ్లోర్‌కి 2006లో పర్మిషన్ ప్లాన్ తీసుకున్నారా చూడండి, అప్పటికి మల్కాజ్‌గిరి వేరే మున్సిపాలిటీ, 2007లో జీహెచ్‌ఎంసీలో కలిసింది, ప్లాన్ కాపీ ఇంట్లో లేకపోతే పాత రికార్డు దొరకడం కష్టం. ప్లాన్ లేకపోతే లేదనే చెప్పి అమ్మండి, కొనేవాళ్ళ బ్యాంకు లోన్ తగ్గిస్తుంది అంతే, దాచి అమ్మితే గొడవ. ఇంటి పన్ను, నల్లా బిల్లు, కరెంటు బకాయిలు ఏమీ లేకుండా కట్టి రసీదులు పెట్టుకోండి. కింద కిరాయికి ఎవరైనా ఉంటే ఖాళీ చేయించి ఇస్తారా, వాళ్ళతో సహా ఇస్తారా అన్నది అగ్రిమెంట్‌లో రాయాలి. బ్రోకర్ కమిషన్ ఒక శాతమా రెండు శాతమా ఇప్పుడే తేల్చుకోండి, రిజిస్ట్రేషన్ అయ్యాక మెట్ల మీద నిలబడి తేల్చుకునే విషయం కాదది.

అగ్రిమెంట్ రాసేటప్పుడు పది రోజులకి ఒప్పుకోకండి. మేనత్త, చిన్నాన్న సంగతి, అన్నయ్య పవర్, బ్యాంక్ రిలీజ్ ఇవన్నీ అయ్యేసరికి మూడు నెలలు ఈజీగా పడుతుంది, కాబట్టి ఇవి పూర్తయ్యాక ఇన్ని రోజుల్లో రిజిస్ట్రేషన్ అని రాయించండి. కొనేవాళ్ళ బ్యాంకు లోన్ రాకపోతే అడ్వాన్స్ ఏమవుతుందో కూడా ఇప్పుడే రాసుకోవాలి, అందరూ నవ్వుతూ ఉన్న రోజునే. "లేదంటే వేరే ఇల్లు చూసుకుంటాం" అంటారేమో, అననివ్వండి, నానమ్మ వాటా సంగతి వాళ్ళకి మీరే చెప్పి చూడండి, బుద్ధున్న వాళ్ళైతే మీకు దండం పెట్టి ఆగుతారు.

రిజిస్ట్రేషన్ రోజు పని నిజానికి గంటది. ఆన్‌లైన్లో స్లాట్, చలాన్ కొనేవాళ్ళు చూసుకుంటారు. మీరంతా ఒరిజినల్ ఆధార్, పాన్ పట్టుకెళ్ళాలి, ఇద్దరు సాక్షులు కావాలి, బ్యాలెన్స్ డీడీలు గాని బ్యాంకు ట్రాన్స్‌ఫర్ గాని ఎవరి పేరు మీద వాళ్ళవి చేతిలో చూసుకున్నాకే సంతకం. పెద్దవాళ్ళతో ఒక ఇబ్బంది ఉంటుంది. మొన్నామధ్య ఒకావిడ, డెబ్బై దాటిన మనిషి, ఆఫీసులో మెషిన్ మీద బొటనవేలు పెడితే పడలేదు, తడి గుడ్డతో తుడిచి పెట్టించారు, పడలేదు, ఇంకో చెయ్యి, అదీ పడలేదు, అంట్లు తోమీ పిండి రుబ్బీ గీతలన్నీ అరిగిపోయాయి పాపం, వెనక క్యూలో జనం గొణుగుతుంటే ఆవిడ "నా ఇల్లు నేను అమ్ముకోవడానికి నా వేలే ఒప్పుకోవట్లేదు నాయనా" అంది. చివరికి ఎడమచేతి ఉంగరం వేలు పడింది. మీ అమ్మని, కుదిరితే మేనత్తని కూడా, ముందే ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి వేలిముద్రలు అప్‌డేట్ చేయించండి, ఆధార్‌కి లింక్ అయిన ఫోన్ నంబరు ఇప్పటికీ వాడుతున్నారో లేదో చూడండి, పెద్దవాళ్ళలో చాలామందిది చనిపోయిన భర్త నంబరే ఉంటుంది.